ఏదీ మామయ్య, పళ్ళ డబ్బా

మా మామయ్యకు లోకంలో అన్ని మాటల మీదా నమ్మకం ఉంది కానీ, "ఉంది" అనే మాట మీద మాత్రం లేదు. ఎవరైనా ఏదైనా ఉందన్నారా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చెయ్యి ముందుకు చాచి, "ఏదీ?" అంటాడు. తీసి చూపించాలి. చూపిస్తే సరిపోదు, అది పనిచెయ్యాలి. పనిచేస్తే "ఊఁ" అని తలూపి తన దారిన తను పోతాడు. మెచ్చుకోలూ లేదు, థాంక్సూ లేదు. అందుకే చుట్టాలూ, ఇరుగుపొరుగూ, ఆఫీసువాళ్ళూ అందరూ ఆయన్ని ఏదీ మామయ్య అనే పిలుస్తారు. అసలు పేరు పోస్టుమాన్‌కు తెలుసేమో.

గొడుగు ఉందంటే విప్పాలి. టార్చి ఉందంటే వెలిగించాలి. ఒకసారి డాక్టరుగారు, "మీకు బీపీ లేదండీ, హాయిగా ఉండండి" అన్నాడు. మామయ్య అలవాటు కొద్దీ "ఏదీ?" అన్నాడు. లేనిదాన్ని ఎలా చూపించాలో తెలీక ఆ డాక్టరు కాసేపు ఆలోచించి, తన బీపీ చూసుకున్నాడట. ఆయనకు ఉందట.

మా అత్తయ్య పక్కింటి టీచరుగారి దగ్గర మారు తాళంచెవి ఒకటి దాచింది. ఒకరోజు సాయంత్రం బయట జోరున వాన. ఇంటికొచ్చిన చుట్టాలను సాగనంపడానికి అందరం గుమ్మం బయటికి వచ్చాం. మామయ్య చివరగా వచ్చి, తాళంచెవి లోపలే ఉంచి, తలుపు ధడేలుమని లాగేశాడు. అది లాగితే పడిపోయే తాళం.

"అయ్యో అయ్యో! ఇదేం పనండీ?" అంది అత్తయ్య.

"మారు తాళంచెవి ఉందన్నావుగా. ఏదీ?"

టీచరుగారు సినిమాకు వెళ్ళారు. ఆవిడ వచ్చేదాకా చుట్టాలతో సహా అందరం చూరు కింద బల్లుల్లా గోడకు అంటుకుని నిలబడ్డాం. ఆవిడ వచ్చింది, పాపం పరుగున వెళ్ళి తాళంచెవి తెచ్చింది, తాళంలో పెట్టింది. తిరగలేదు. ఎలా తిరుగుతుంది? అది అత్తయ్య పాత ట్రంకు పెట్టెది! అత్తయ్య నెత్తి కొట్టుకుంది. మామయ్య మాత్రం వానలో తడుస్తూ వెలిగిపోతున్నాడు. "చూశావా! ఇన్నాళ్ళూ మనకు మారు తాళంచెవి లేనే లేదన్నమాట. ఇవాళ తెలిసింది. ఎంత అదృష్టం!" అన్నాడు. వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసేదాకా ఆ అదృష్టం గురించే మాట్లాడాడు.

ఇక నా పెళ్ళికి ముందు సంగతి. నేను చేసుకోబోయే మనిషిని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చాను. కుర్రాడు బుద్ధిగా కూర్చుని, అడిగినవాటికి జవాబులు చెబుతూ, మాటల మధ్య "ఈత కూడా వచ్చండీ" అన్నాడు. అనకపోతే కొంపలేం మునగవు. అన్నాడు. నేను కళ్ళతో సైగ చేసేలోపే మామయ్య కళ్ళజోడు జారింది.

"ఏదీ?"

మర్నాడు పొద్దున్నే ఈతకొలను. మా ఆయన, అంటే అప్పటికింకా కాని ఆయన, మామయ్య పాత నిక్కరు వేసుకుని, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఈదాడు. ఇటునుంచి అటు వెళ్ళాడు కానీ అటునుంచి ఇటు రాలేక గట్టెక్కి నడిచి వచ్చాడు. మామయ్య "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వినబడ్డాక గానీ మా అమ్మ ముహూర్తం సంగతి ఎత్తలేదు. ఇప్పటికీ మా ఆయన మా మామయ్య ముందు తనకు ఏమొచ్చో చెప్పడు.

ఇలాంటి మనిషితో కలిసి ఉద్యోగం కూడా చెయ్యాలని నా నుదుట రాసి ఉంది. మాది కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్. పూర్వం డాక్టర్లు నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసి పంపేవారు. ఇప్పుడు వేలంత కెమెరా నోట్లో తిప్పితే నోరంతా బొమ్మగా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. ఆ బొమ్మ చూసి నేను కంప్యూటర్లో పన్ను గీస్తాను. యంత్రం చెక్కుతుంది. చెక్కినదానికి పింగాణీ పూసి, రంగులద్ది, కొలిమిలో కాల్చి, అచ్చం దేవుడిచ్చిన పన్నులా చేసేది మా పింగాణీ అక్క. ఆవిడ ఆ పనిలో ఎంత పాతదంటే, ల్యాబ్ మేడం కూడా ఆవిడ ముందు కుర్చీలో సర్దుకుని కూర్చుంటుంది. వీధిలో ఎవరైనా నవ్వితే చాలు, "ఆ పై పన్ను నాదే" అంటుంది అక్క.

వచ్చిన నోళ్ళన్నీ దాచేది గోడవారన బల్లమీద ఉన్న డబ్బాలో. చూడ్డానికి రొట్టెల డబ్బా అంత ఉంటుంది. ముందువైపు నాలుగు డిస్కులు పక్కపక్కన నిలబెట్టి, ఒక్కోదాని కింద ఒక్కో దీపం. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ అందులోంచే తెచ్చుకుంటాయి, అందులోనే దాచుకుంటాయి. మేం దాన్ని పళ్ళ డబ్బా అంటాం. ఊళ్ళో సగం మంది నవ్వులు అందులోనే ఉన్నాయి. ఆ డబ్బానూ, కంప్యూటర్లనూ చూసుకునే ఉద్యోగం మా మామయ్యది. దొంగ చేతికి తాళాలివ్వడం విన్నాం గానీ, తాళాల మీదే నమ్మకం లేనివాడి చేతికి తాళాలివ్వడం మా మేడమే చేసింది.

చేరిన వారంలోనే గోడకున్న మంటలార్పే గొట్టాన్ని చూశాడు. "ఇది పనిచేస్తుందా?" "ఓ, బ్రహ్మాండంగా!" అన్నాడు వాచ్‌మన్. మిగతాది మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ల్యాబ్‌లో పళ్ళూ, బల్లలూ, మా టిఫిన్ డబ్బాలూ అన్నీ తెల్లటి నురగలో మునిగాయి. అది పనిచేస్తుందని మాత్రం తెలిసింది.

పళ్ళ డబ్బాలో ఉన్నదంతా నకలు తీసి, కట్టకట్టి, మేడమీద గదిలో ఇంకో డబ్బాలో పెట్టేవాడు మామయ్య. ఎవరైనా అంతటితో చెయ్యి దులుపుకుంటారు. ఈయన వారానికోసారి ఆ కట్ట విప్పి, ఎవరో ఒకరి ముందు నిలబడేవాడు.

"పోయినేడాది, ఆ మూలవీధి డాక్టరు పంపిన కింది దవడ. నకల్లోంచి తీసి తెరువు."

"ఉంది మామయ్యా, నేను చూశాలే."

"ఏదీ?"

చేతిలో పని పక్కనబెట్టి తెరవాలి. దవడ తెర మీద గిర్రున తిరగాలి. అప్పుడు "ఊఁ". పింగాణీ అక్కకు ఇది అస్సలు గిట్టేది కాదు. "అన్నయ్యా, నీకు అన్నంలో కూడా నకలు కావాలా?" అనేది. "నకలు అక్కర్లేదు. ఉందంటే చాలదు, వడ్డించమంటున్నా" అనేవాడు.

ఇలా ఉండగా డబ్బా నిండింది. మేడం ఒక డిస్కుల అమ్మకందారును పిలిచింది. అతను టై సవరించుకుని, డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, "మేడం, కొత్తది కొనక్కర్లేదు. ఇప్పుడివి జంటలుగా ఉన్నాయి. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది, అద్దంలోలాగా. అంటే సగం చోటు ఊరికే పోతోంది. అమరిక మార్చేద్దాం, ఈ నాలుగింట్లోనే బోలెడు చోటు కలిసొస్తుంది. బటన్ నొక్కితే చాలు, దానంతటదే సర్దుకుంటుంది. లోపలున్నవి ఎక్కడికీ పోవు" అన్నాడు.

"ఏదీ?" అన్నాడు మామయ్య.

"ఏది ఏదండీ?"

"పోవంటున్నావుగా. నీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉందా? అందులో నీ పెళ్ళి ఫోటోలూ, నీ పిల్లల ఫోటోలూ ఇంకెక్కడా లేకుండా పెట్టి, ఆ బటన్ నొక్కి చూపించు. నేను కాఫీ తాగుతూ కూర్చుంటా."

అతనికి వెంటనే వేరేచోట అర్జంటు పని గుర్తొచ్చింది. కానీ బోలెడు చోటన్న మాట మేడం చెవిలో పడిపోయింది కదా. "మామయ్యగారూ, ఎలాగూ జంటలుగా ఉన్నాయి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిగా. ఎందుకంత భయం?" అంది.

"అమ్మా, అద్దంలో ఇంకో మనిషి కనబడుతున్నాడని ఇద్దరికీ అన్నం వండుతామా? ఒక డిస్కు చస్తే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ నా మొహానికి మసి అంటితే అద్దంలోవాడి మొహానికీ అంటుంది. పొరపాటున ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఇక అమరిక మార్చడమంటే, అటక మీద సామాను దించకుండా అటక చెక్కలు మార్చడమే. మధ్యలో ఒక చెక్క విరిగిందంటే సామానంతా మన నెత్తిమీదే."

"అయితే మార్చొద్దంటారా?"

"మారుద్దాం. ముందు సామాను దించుదాం. అంటే పూర్తి నకలు తీద్దాం. తీసింది విప్పి, ఎవరి పళ్ళు వాళ్ళు తెరిచి చూసుకోవాలి. అప్పుడు నొక్కుదాం."

అప్పటికి మా ల్యాబ్‌లో అన్నిటికంటే విలువైన నోరొకటి ఉంది. మా ఊరి రైల్వే స్టేషన్‌లో బండ్ల రాకపోకలు చెప్పే అనౌన్సరమ్మగారిది. ఆవిడ మొహం ఎవరికీ తెలీదు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. బండి ఆలస్యమని చెప్పినా, ఆవిడ చెబితే కోపం వచ్చేది కాదు. పాపం, ఆవిడకు పై దవడలో కణితి లేచింది. ఆపరేషన్ చేసి, కణితితో పాటు అంగిట్లో కొంత భాగమూ, కొన్ని పళ్ళూ తీసేశారు. ఆ ఖాళీని మూస్తూ పళ్ళతో సహా ఒక పలక చెయ్యాలి. అది సరిగ్గా ఆవిడ పాత అంగిలి ఆకారంలో ఉంటేనే మాట మళ్ళీ పూర్వంలా వస్తుంది. ఆ పాత ఆకారం ఉన్నది ఆపరేషన్‌కు ముందు తీసిన బొమ్మలో. ఆసుపత్రివాళ్ళు అది మాకు పంపేసి, తమ యంత్రంలో పాతవాటితో పాటు చెరిపేశారు. ఇంకోసారి తీద్దామంటే ఆ అంగిలే లేదు.

ఆవిడ ఒకరోజు మూతికి చున్నీ చుట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. మాట్లాడబోయింది. గాలి ముక్కులోంచి పోయింది గానీ మాట రాలేదు. 'బండి' అనడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో! నాలుక పైకి లేచి తగలడానికి అక్కడేమీ లేదు. చివరికి ఫోన్‌లో రాసి పింగాణీ అక్కకు చూపించింది: "నా గొంతు మీ దగ్గర ఉందటగా." రోజూ బండెక్కి పనికొచ్చే అక్క ఆ మాట చదివి, "ఉందమ్మా, భద్రంగా ఉంది. నేను చేస్తాగా" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెనకాలే నిలబడ్డ మామయ్య "ఏదీ" అనబోయి, నోరు మూసుకున్నాడు. ఆయన నోరు మూసుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

సరే, నకలు తయారైంది. కట్టలు విప్పడం, ఎవరి పళ్ళు వాళ్ళు తెరవడం మొదలైంది. మామయ్య ఒక్కొక్కరి కుర్చీ వెనకాల నిలబడి "ఏదీ? ఊఁ. ఏదీ? ఊఁ" అంటూ జపం చేసినట్టు తిరుగుతున్నాడు. పని ఆగిపోయింది. డాక్టర్ల ఫోన్లు. మధ్యాహ్నానికి మేడం ఓపిక అయిపోయింది. "చాలు మామయ్యగారూ! ఇన్ని బాగున్నాయి, మిగతావి చెడతాయా? అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చూస్తే తెలీదూ? నొక్కండి" అంది.

"అమ్మా, ఇది అన్నం కాదు. ఆసుపత్రి కట్ట ఇంకా విప్పలేదు. అదే అన్నిటికన్నా పెద్దది."

"నకల్లో ఉందా లేదా?"

"ఉంది."

ఆ మాట తన నోటివెంటే వచ్చినందుకు ఆయన మొహం వేపకాయ నమిలినట్టయింది. యజమానురాలి మాట, తప్పదు. నొక్కాడు. డబ్బా గుర్రుగుర్రుమంటూ లోపల సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. నాలుగు దీపాలూ ఒకే తీరున మిణుకుమిణుకుమంటున్నాయి. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు మామయ్య, పురిటిగది బయట తండ్రిలా.

మర్నాడు పొద్దున నేను వీధి గదిలో కొత్త కొరియర్‌వాడితో మాట్లాడుతున్నాను. లోపలినుంచి కూ అని ఆగకుండా ఒక కూత. పరుగెత్తాను. డబ్బా దీపాలన్నీ ఎర్రబడ్డాయి. మామయ్య ఒక చేతిలో కొత్త డిస్కు అట్టపెట్టె, రెండో చేతిలో డబ్బాలోంచి తీసిన డిస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన పింగాణీ అక్క కుర్చీలో కూలబడి ఉంది. మేడం మెట్లు దిగి వచ్చింది.

"ఏమైంది?"

"ఒక డిస్కు పాడవుతోందని తెర మీద వచ్చిందమ్మా" అన్నాడు మామయ్య.

"అది తీసేశారా?"

"లేదు. దాని పక్కది, బాగున్నది, లాగించాను."

"బాగున్నదాన్ని ఎందుకు?"

"ఒకటి ఎలాగూ పోతోంది కదా. ఈ స్థితిలో ఇంకోటి కూడా పోతే ఏమవుతుందో చూద్దామని."

మేడం ఎర్రదీపాల వైపు చూసింది. "ఏమైంది మరి?"

"అంతా పోయింది."

లోకంలో ఇంకెవరు ఈ మాట అన్నా ఎవ్వరూ నమ్మరు. వానలో చుట్టాలను బయట నిలబెట్టి తలుపు లాగేసిన మనిషి అన్నాడు కనక అందరం నమ్మేశాం. మేడం మొదలుపెట్టింది. ఆవిడ మామూలుగా నెమ్మదస్తురాలు, కానీ దాచుకున్నదంతా ఆ పూట బయటికొచ్చింది. నిన్నగాక మొన్న పళ్ళ పొట్లం పోగొట్టిన కొరియర్‌వాణ్ణే మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్న మనిషి ఆవిడ. "మీకు పిచ్చా? పరీక్షలకు వేళాపాళా లేదా? ఆ అనౌన్సరమ్మకు ఏం చెప్పాలి?" అని దులిపేసింది. మామయ్య ప్రతి ప్రశ్నకూ "ఊఁ" అన్నాడు. నాకూ ఒళ్ళు మండింది. ఈతకొలను రోజున కూడా నాకు ఆయన మీద అంత కోపం రాలేదు. "నీ చాదస్తంతో ఒకావిడ గొంతు తీశావు కదా మామయ్యా" అన్నాను. దానికి ఆయన "ఊఁ" కూడా అనలేదు.

"లాగినదాన్ని మళ్ళీ పెట్టేస్తే సరిపోదా?" అన్నారెవరో.

"ముట్టుకోకండి. సర్దుతుండగా లాగింది, లోపల సగం అటు, సగం ఇటు ఉన్నాయి. పెడితే ఉన్నదాన్ని కూడా చెరుపుతుంది" అని, పాత డిస్కులు నాలుగూ తీసి, వరస తప్పకుండా పక్కన పెట్టాడు. మేడమీద డబ్బానూ, మిగతా కొత్త డిస్కులనూ దింపించాడు. కొత్త డిస్కుల మీదికి ఒక్కో కట్టా విప్పసాగాడు. నిన్న చూసినవి చూసినట్టే వచ్చాయి. మూలవీధి డాక్టరు నోళ్ళు వచ్చాయి. పిల్లల ఆసుపత్రి నోళ్ళు వచ్చాయి. ఒక్కోటి వస్తుంటే ల్యాబ్‌లో అందరూ కొంచెం కొంచెం ఊపిరి పీల్చుకుంటున్నారు. పింగాణీ అక్క ఒక్కతే గోడకు ఆనుకుని అలాగే నిలబడింది. అన్నం తినలేదు, నీళ్ళు తాగలేదు.

చివరికి ఆ పెద్ద కట్ట. అనౌన్సరమ్మ నోరున్న ఆసుపత్రిది. తెర మీద గీత నత్తలా పాకుతోంది. సగంలో ఆగింది. మళ్ళీ కదిలింది. పూర్తయింది. పేరు కనబడింది. మేడం "ఉంది! ఉంది!" అని అరిచింది.

మామయ్య వైపు చూశాను. చెయ్యి చాచలేదు. కళ్ళజోడు జారలేదు. మౌస్ పట్టుకున్నాడు గానీ నొక్కడం లేదు. నాకు కోపం ఎటు పోయిందో పోయింది. "జరుగు మామయ్యా, నేను తెరుస్తా" అని కూర్చుని నొక్కాను.

తెర కాసేపు తెల్లగా ఉండి, నెమ్మదిగా ఒక పై దవడ లేచి వచ్చింది. గులాబీ రంగు అంగిలి, దాని మీద సన్నని ముడతలు, ముందుపళ్ళలో ఒకటి కాస్త పక్కదాని మీదికి వాలి ఉంది. తిప్పాను. ఎక్కడా చిల్లు లేదు, చిరుగు లేదు. నిండుగా, చక్కగా, ఆవిడ నోరు. "అమ్మయ్య!" అని ల్యాబంతా ఒక్కసారి అనడం నేను విన్నాను. మేడం కుర్చీలో వాలిపోయి నవ్వుతోంది, ఏడుస్తోంది. పింగాణీ అక్క వచ్చి తెర మీద ఆ ముందుపన్నును వేలితో తడిమి, చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మామయ్య "ఊఁ" అని, వెళ్ళి పొద్దుటి అన్నం సాయంత్రం తిన్నాడు.

ఆ సాయంత్రమే మేడం తీర్పు చెప్పింది. ఇకమీదట తను పక్కన లేకుండా మామయ్య పళ్ళ డబ్బా మీద చెయ్యి వెయ్యకూడదు. మామయ్యకు అది శిక్షలా అనిపించినట్టు లేదు. ఇప్పుడు వారం వారం మేడమే కట్ట విప్పించుకుని, దవడలు తెరిచి చూస్తోంది మరి!

పలక తయారైంది. పింగాణీ అక్క దానికి పోసినంత ప్రాణం దేనికీ పోయలేదు. కొన్నాళ్ళకు నేనూ అక్కా ఇంటికెళ్ళడానికి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఉంటే, నెత్తిమీద మైకు గొంతు సవరించుకుంది. "దయచేసి గమనించండి. రావలసిన బండి మరికాసేపు ఆలస్యంగా..." అదే గొంతు! 'బండి' గుండ్రంగా, నిండుగా పలికింది. బండి ఆలస్యమని విని చప్పట్లు కొట్టిన పిచ్చివాళ్ళం ఆ ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే.

చప్పట్లు కొడుతూనే అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. "అదేంటక్కా, మంచి జరిగిందిగా" అన్నాను.

"ఆ డిస్కు లాగింది నేనే" అంది.

"తెలుసుగా. మామయ్య లాగించాడు."

"లాగించలేదే తల్లీ! అన్నయ్య తెర చూసి, 'కుడి నుంచి రెండోది పోతోంది, మేడమీంచి కొత్తది తెస్తా, ఎవరూ ముట్టుకోవద్దు' అని వెళ్ళాడు. ఈ అనౌన్సరమ్మ పని ఆలస్యమవుతుందని నాకు ఆత్రం. పాతది తీసి ఉంచితే పని కలిసొస్తుంది కదా అనుకున్నా. కుడి నుంచి రెండోదే తీశాను."

"మరి సరిగ్గానే తీశావుగా?"

"ఎవరి కుడి?" అంది అక్క.

నాకు అప్పుడు వెలిగింది. మా వృత్తిలో కుడి అంటే మనది కాదు, ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్న మనిషిది. మనకు ఎడమవైపున్నది. పనిలో చేరిన మొదటిరోజే అది నూరిపోస్తారు. ఇన్నేళ్ళుగా అక్క చెయ్యి దానంతటదే అటే పోతుంది. "నాలుగు డిస్కులూ నాలుగు ముందుపళ్ళలా నా ఎదురుగా ఉన్నాయే. దాని కుడివైపు నుంచి రెండోది పీకేశా. అన్నయ్య వచ్చి చూసి, నా చేతిలోంచి లాక్కుని, 'నువ్వు కూర్చో చెల్లెమ్మా, నోరెత్తకు' అన్నాడు. అంతలో మేడం దిగింది."

"మరి మేడంకు చెప్పాలిగా!"

"చెప్పాను. నిన్ననే. ఆవిడేమందో తెలుసా? 'అక్కా, నీది మంచి మనసు. కానీ ఆయన్ని వెనకేసుకురాకు. ఆయన సంగతి నాకు తెలీదా?' అంది. ఒట్టేశాను. నమ్మదే!"

మర్నాడు మామయ్యను మేడమీద గదిలో పట్టుకున్నాను. నకలు డబ్బా ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులుపుతున్నాడు.

"డిస్కు లాగమని నువ్వు చెప్పలేదుట?"

"ఎవరన్నారు?"

"అక్క."

"ఆవిడకు మతిమరుపు."

"మామయ్యా!"

దులపడం ఆపి, ఇటు తిరిగాడు. "ఆ చేత్తో ఎంతమందికి పళ్ళు కట్టింది ఆవిడ. ఆ పూట మేడం నాలుగు మాటలంటే ఆ చెయ్యి వణికేది. వణికే చేత్తో ఆ పలక ఎవరు చేస్తారు? నేనంటావా, తిట్లు తిన్నా నాకు అరుగుతాయి. పిచ్చివాడన్న పేరు ఎన్నేళ్ళు కష్టపడితే వచ్చింది! ఒక్కరోజన్నా పనికి రావద్దూ?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజు అన్న మాటకు సిగ్గేసింది. చెంపలేసుకోబోతే, "ఆ ఫ్యాను పట్టుకో, పడిపోతుంది" అన్నాడు.

ఇంటికెళ్ళి అత్తయ్యకు ఇదంతా ఊపిరాడకుండా చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "ఇన్నాళ్ళకు తెలిసిందా?" అంది.

"అంటే?"

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ముచ్చటపడి గాజు గ్లాసులు కొంది. పడినా పగలని గ్లాసులట, షాపువాడు చెప్పాట్ట. రెండో రోజే నా చేయి జారి ఒకటి కింద పడి భళ్ళుమంది. గబగబా ముక్కలు ఏరబోయాను. మా అత్తగారు వస్తోంది. మీ మామయ్య పేపరు పక్కనబెట్టి లేచి, 'నేనే పడెయ్యమన్నానమ్మా. పగలవన్నాడుగా షాపువాడు, ఏదీ చూద్దామని' అన్నాడు. అప్పటిదాకా ఆయన అలాంటి మనిషి కాదే! ఎంత నెమ్మదో! మా అత్తగారు నమ్మీ నమ్మనట్టు చూసింది. దాంతో ఆవిడకు నమ్మకం కుదరాలని మిగతా గ్లాసులు కూడా ఒక్కొక్కటే తీసి తనే పడేశాడు."

"పగిలాయా?"

"అన్నీ! నన్ను ఒక్క మాటంటే ఒట్టు. ఆ వారమంతా ఆయన్నే తిట్టింది మా అత్తగారు" అంది అత్తయ్య, మొహం కత్తిపీట మీదికి వంచుకుని, కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతూ. "అప్పట్నుంచీ మా ఇంట్లో స్టీలు గ్లాసులే."